దుబాసీ మింగిన మాట

నది అవతలి దేశం నుంచి వచ్చిన రాయబారి "లేదు, ఇవ్వలేం" అన్నాడు. దుబాసీ ఆ మాటను తమ మంత్రిగారికి "పరిశీలిస్తామంటున్నారండీ" అని చెప్పింది.

అలా చెప్పడం ఆమెకు తప్పుగా తోచలేదు. జుట్టు నల్లగా ఉన్నప్పటి నుంచీ విదేశాంగ శాఖలో ఆమె చేస్తున్న పని అదే. పని నేర్పిన పెద్దాయన మొదటిరోజే చెప్పాడు: "మనల్ని మధ్యలో కూర్చోబెట్టేది మాటలు మొయ్యడానికి కాదమ్మా, ఎవరి పళ్ళూ రాలకుండా చూడ్డానికి. మాటలో రాయి తగిలితే ఏరి పక్కన పెట్టెయ్." ఆమె ఏరుతూనే వచ్చింది. దేశం మహా బలంగా ఉన్న ఆ రోజుల్లో రాళ్ళన్నీ తమవైపు మాటల్లోనే ఉండేవి. చిన్న దేశాలవాళ్ళు ఏదో అడుక్కోవడానికి వచ్చేవారు. మంత్రులు కాలుమీద కాలేసుకుని కసురుకునేవారు. ఆమె ఆ కసురును మర్యాదలో ముంచి అవతలివాళ్ళకు అందించేది. తరవాత్తరవాత అడిగేది తామూ, కాదనేది వాళ్ళూ అయ్యారు. రాళ్ళు అటునుంచి రావడం మొదలైంది. ఆమె మాత్రం అలవాటు కొద్దీ ఏరుతూనే ఉంది. ఎటునుంచి వస్తున్నాయో ఆగి చూసుకోలేదు.

ఆరోజు మాటలు ఇన్సులిన్ గురించి. చక్కెర జబ్బున్న పిల్లలకు అది లేకపోతే రోజు గడవదు. ఒకప్పుడు ఆ మందు తయారుచేసే పెద్ద కర్మాగారం తమ దేశంలోనే ఉండేది. నష్టాలొస్తున్నాయని దాన్ని మూసి, యంత్రాలను నది అవతలివాళ్ళకు అమ్మేసి, ఆ స్థలంలో ఒక విజయస్తంభం కట్టారు. ఇప్పుడు మందు అక్కడినుంచే రావాలి. వచ్చేది ఆగిపోయింది.

సమావేశపు గది పెద్దదే. గోడలకు ఎర్ర మఖమలు తెరలు, బల్లమీద ఆకుపచ్చ గుడ్డ, పైన ఇత్తడి దీపాల గుత్తి. కప్పు కారే మూల కింద ఒక పూలకుండీ పెట్టారు. వానపడితే ఆ మొక్కకు నీళ్ళు పొయ్యక్కర్లేదని నౌకర్లు నవ్వుకునేవారు.

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలారు. "ఏమిటీ, పరిశీలిస్తారా? మనం నేర్పితే నేర్చుకున్నవాళ్ళు! ఎంత చితికినా మనం మనమే. ఏనుగు ఎండినా గుర్రమంత ఉండదా? చెప్పమ్మా, అలాగే చెప్పు."

దుబాసీ రాయబారి వైపు తిరిగింది. "మన రెండు దేశాల స్నేహం చాలా పాతదని మంత్రిగారు గుర్తుచేస్తున్నారు" అంది.

రాయబారి బక్కపలచటి ముసలాయన. చేతిరుమాలును మోకాలిమీద మడతలుపెడుతూ, మళ్ళీ విప్పుతూ కూర్చున్నాడు. "లేదు. వంతెన మూసి ఉన్నంతకాలం ఒక్క సీసా కూడా రాదు. ఇది మా ఆఖరి మాట" అన్నాడు.

"రాకపోకల విషయంలో వాళ్ళకేవో చిన్న ఇబ్బందులు ఉన్నాయటండీ. అవి తీరాక చూద్దామంటున్నారు."

"ఇబ్బందులు ఎవరికి లేవు?" అని మంత్రిగారు నవ్వేసి లేచారు. సమావేశం సుహృద్భావంతో ముగిసిందని కార్యదర్శి రాసుకున్నాడు.

నడవాలో కార్లకోసం ఎదురుచూస్తున్నప్పుడు రాయబారి ఆమె పక్కకు వచ్చి నిలబడ్డాడు. ఈసారి ఆమె భాషలోనే మాట్లాడాడు. యాస పాతబడింది గానీ మాట తప్పులేదు.

"మీ మందుల కర్మాగారంలో పని నేర్చుకున్నానమ్మా, కుర్రతనంలో. ఇక్కడి సామెతలన్నీ వచ్చు నాకు. ఏనుగు సామెత కూడా."

ఆమెకు చెవులు వేడెక్కాయి. "మరి లోపల ఏమీ అనలేదేం?"

"పద్ధతి ప్రకారం నా భాషలోనే మాట్లాడాలి కదా. నువ్వు చాలా మంచిదానివమ్మా. నొప్పించడం నీకు చేతకాదు. అందుకే పాపం, మీ మంత్రిగారికి ఏమీ అర్థం కావడంలేదు."

కారు వచ్చింది. ఆయన వెళ్ళిపోయాడు. ఈ ముసలాయన ఎవరు తనకు పని నేర్పడానికి అనుకుంటూ ఆమె దారంతా ఉడికిపోయింది.

ఆమెకు పెళ్ళి కాలేదు. తమ్ముడి కుటుంబంతో కలిసి నాలుగో అంతస్తులో ఉంటోంది. తమ్ముడు విద్యుత్ కేంద్రంలో పనిచేస్తాడు. మరదలు పెద్దాసుపత్రిలో పిల్లల వార్డు నర్సు. ఆఫీసు సంగతులు ఇంట్లో మాట్లాడకూడదని ఉద్యోగంలో చేరేటప్పుడు ప్రమాణం చేసింది కాబట్టి ఎవరూ అడగరు. ఆ సాయంత్రం మాత్రం మరదలు ఉల్లిపాయలు తరుగుతూ ఆగలేకపోయింది.

"వదినా, ఏమనుకోకు. ఒక్కమాట చెప్పు చాలు. మందు వస్తుందా?"

"వస్తుందిలే" అంది దుబాసీ.

కావాలని ఆడిన అబద్ధం కాదు. పొద్దున్న తను చెప్పిన మాటల్నే తనూ నమ్మింది. నేను చేసిన మెత్తటి పరుపుమీద నేనే నిద్రపోయానని తరవాత ఎన్నోసార్లు అనుకుంది.

"ఆ మాట చాలు" అని మరదలు కళ్ళు తుడుచుకుంది. "ఉల్లిపాయలు" అంది నవ్వుతూ.

మంత్రిగారు పైవాళ్ళకు "ఒప్పుకున్నట్టే" అని చెప్పారు. పైవాళ్ళు ఆరోగ్యశాఖకు "ఒప్పుకున్నారు" అని చెప్పారు. ఆరోగ్యశాఖ ఆసుపత్రికి ఫోన్ చేసి "బయల్దేరింది" అంది. సూపరింటెండెంటు అప్పటికి ఒక నిర్ణయం మీద ఉన్నాడు. ఓడరేవు నగరంలో ఇంకా కొంత నిల్వ ఉందని తెలిసి, జబ్బు ముదిరిన పిల్లలను రైలెక్కించి అక్కడికి పంపుదామనుకున్నాడు. ఫోన్ వచ్చాక తటపటాయించాడు. "అంతదూరం ప్రయాణం ఈ పిల్లలకి మంచిది కాదు. నువ్వేమంటావు సిస్టర్?" అని అడిగితే, మరదలు "మా వదిన కూడా వస్తుందనే అందండీ" అంది. పిల్లలు ఆగిపోయారు.

మందు రాలేదు. ఉన్నదాన్ని పంచుతూ, పంచుతూ, చివరికి పంచడానికి కూడా మిగలని రోజు వచ్చింది.

కిటికీ పక్క మంచంలో ఒక పిల్ల ఉండేది. మహా గడుసుది. "మీకు పొడవడం రాదు, ఇటివ్వండి" అని సూది లాక్కుని తనే పొడుచుకునేది. కొత్తగా చేరిన పిల్లలకు ధైర్యం చెప్పే పని కూడా దానిదే. వాళ్ళమ్మ బట్టల మిల్లులో పనిచేస్తుంది. ఆ పిల్ల ఒక మధ్యాహ్నం ఊపిరి భారంగా తీయడం మొదలుపెట్టి, మర్నాటికి పోయింది.

మరదలు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే సోఫాలో కూర్చుంది. దుబాసీ మంచినీళ్ళు తెచ్చిచ్చింది. గ్లాసు పట్టుకుంది గాని తాగలేదు.

"వదినా, నిన్ను తప్పుపట్టడం లేదు. నాకో సంగతి కావాలి. వాళ్ళు నిజంగా ఇస్తామన్నారా?"

దుబాసీ గోడకు ఆనుకుంది. ప్రమాణం గుర్తొచ్చింది. ఆ వెంటనే ఆరోజు నడవాలో ముసలాయన అన్న మాటా గుర్తొచ్చింది.

"లేదన్నారు" అంది. "రెండుసార్లు."

మరదలు గ్లాసు కిందపెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఆ తరవాత చాలా రోజులు "వదినా" అన్న పిలుపు ఆ ఇంట్లో వినపడలేదు.

రాయబారి మళ్ళీ వచ్చాడు. అదే గది, అదే పూలకుండీ. మొక్క ఏపుగా పెరిగింది. మంత్రిగారు ఉత్సాహంగా మొదలుపెట్టారు. "పోయినసారి మాటిచ్చారు కదా, ఇంకా పంపలేదేమని అడుగు."

దుబాసీ అడిగింది. రాయబారి ఆమెను నిదానంగా చూశాడు. "మేం మాటివ్వలేదు. లేదనే చెప్పాం" అన్నాడు.

నోట్లోకి ఎన్నో మెత్తటి మాటలు వాటంతటవే వచ్చాయి. వాటిని మింగింది.

"మేం మాటివ్వలేదు, లేదనే చెప్పాం అంటున్నారండీ."

కార్యదర్శి కలం ఆగింది. మంత్రిగారు ముందుకు వంగారు. "సరిగ్గా విన్నావా?"

"విన్నానండీ. వంతెన తెరిస్తే గాని ఒక్క సీసా కూడా రాదన్నారు. పోయినసారే అన్నారు."

"వంతెనా? ఏ వంతెన? ఎవరు మూశారు?"

కార్యదర్శి గొంతు సవరించుకుని ఆయన చెవి దగ్గరకు వంగాడు. గది నిశ్శబ్దంగా ఉండడంతో ఆ గుసగుస అందరికీ వినపడింది. "తమరేనండీ. రెండేళ్ళ కిందట ప్రపంచ దేశాల సభలో వాళ్ళు మనకి వ్యతిరేకంగా ఓటేశారని... సంతకం తమరిదే."

మంత్రిగారి ముఖం కందిపోయింది. అలాంటి కాగితాలు రోజుకు బండెడు వస్తాయి. ఏది మూశారో, ఏది తెరిచారో ఆయనకే కాదు, ఆ మేడలో ఎవరికీ గుర్తులేదు. అవతలి ఒడ్డున మాత్రం ఆ ఒక్క వంతెన మూతపడి, దానిమీద బతికే ఊళ్ళు రెండేళ్ళుగా పస్తులున్నాయి. రాయబారి ఆ ఊళ్ళ సంగతి ఒక్కొక్కటే చెప్పాడు. ఆమె దేన్నీ తగ్గించలేదు, పెంచలేదు.

అవమానం తట్టుకోలేక మంత్రిగారు పాత సామెతనే పట్టుకున్నారు. "ఏనుగు ఎండినా గుర్రమంత ఉండదా అని చెప్పు!"

చెప్పింది, ఉన్నది ఉన్నట్టుగా. రాయబారికి కోపం రాలేదు. చేతిరుమాలు జేబులో పెట్టుకున్నాడు.

"నిజమే. మా గుర్రం చిన్నదే. కాకపోతే ఏ కాలు నొప్పిపెడుతోందో అది మాకు చెబుతుంది. మీ ఏనుక్కి ఎవరూ చెప్పరనుకుంటాను."

ఆమె అదీ చెప్పింది.

అందరూ వెళ్ళిపోయాక మంత్రిగారు ఆమెను ఉండమన్నారు. అరుస్తారనుకుంది. ఆయన అరవలేదు. కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఎప్పుడూ చూడనంత ముసలివాడుగా కనిపించారు.

"పోయినసారి ఎందుకలా చెప్పావు?"

"మీకు ముందున్నవారికీ అలాగే చెప్పేదాన్నండీ. ఆయనకి ముందున్నవారికీ. ఎవరూ వద్దనలేదు."

"వద్దంటామా?" ఆయన నవ్వబోయి మానేశారు. "నేను పైకి ఏం చెప్పానో తెలుసా? ఒప్పుకున్నారన్నాను. ఇప్పుడు వెళ్ళి, కాదుట, వంతెన మూసింది నేనేట అంటే నా తల ఉంటుందా?"

"ఒక పిల్ల చనిపోయిందండీ."

"తెలిసింది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. "చర్చలు సాగుతున్నాయని చెబుతాను. నెమ్మదిగా ఏదో ఒకటి చేద్దాం. నువ్వు మాత్రం బయట నోరు మెదపకు. నీకు వయసైంది. కొన్నాళ్ళు సెలవు తీసుకో."

ఆమె మేడ మెట్లు దిగింది. ఇంతకాలం మాట తన దగ్గరే ఆగిపోతోందనుకుంది. తను వదిలేసినా అది మరో మెట్టుమీద ఆగిపోతుందని ఇప్పుడు తెలిసింది. ఆ మెట్టుమీదున్న మనిషి దుర్మార్గుడు కూడా కాదు. తనలాగే భయస్తుడు. పైన ఎన్ని మెట్లున్నాయో, ఒక్కో మెట్టుమీద ఎంతమంది అలా ఉన్నారో లెక్కవెయ్యబోతే తేలలేదు. పైకి వెళ్ళని మాట కిందికైనా వెళ్ళాలి కదా అనిపించింది. ఇంటివైపు వెళ్ళే బస్సు వదిలేసి ఆసుపత్రి బస్సెక్కింది.

పిల్లల వార్డు బయట బెంచీలమీద తల్లిదండ్రులు కూర్చుని ఉన్నారు. మరదలు డ్యూటీలో ఉంది. ఆమెను చూసి పలకరించలేదు, పొమ్మనీ అనలేదు. దుబాసీకి జీవితమంతా ఇంకొకరి మాటలు చెప్పడమే గాని తన మాట చెప్పి ఎరగదు. ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

"నేను నది అవతలివాళ్ళ మాటలు మనవాళ్ళకి చెప్పే దుబాసీని. మందు బయల్దేరిందన్నది అబద్ధం. వాళ్ళు ఇవ్వలేమన్నారు. వంతెన తెరిస్తే ఇస్తారు. మనవాళ్ళు ఇప్పట్లో తెరవరు. ఎదురుచూడకండి. ఓడరేవుకి పంపించుకోగలిగినవాళ్ళు ఇవాళే పంపించుకోండి."

ఒకాయన లేచాడు. "ఇది మీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటిరోజే విన్నాను. విన్నది విన్నట్టు చెప్పలేదు."

బెంచీ చివర ఒకామె కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక దుప్పటి, చిన్న చెప్పుల జత. మిల్లులో పనిచేసే ఆమె, కిటికీ పక్క పిల్ల తల్లి. సామాను తీసుకెళ్ళడానికి వచ్చినట్టుంది. ఆమె తలెత్తి దుబాసీని చూసింది. తిట్టలేదు. ఏడవలేదు. దుప్పటి సర్దుకుని, దుబాసీ పక్కనుంచి, కొంగు కూడా తగలకుండా తప్పుకుని వెళ్ళిపోయింది. కొట్టి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

ఆ సాయంత్రమే సూపరింటెండెంటు ఎవరినీ అడక్కుండా కొంతమందిని రైలెక్కించాడు. అంత దూరం వెళ్ళలేనివాళ్ళ తల్లిదండ్రులు వార్డు ముందే గుంపుగూడారు. వంతెన దగ్గరకే వెళ్దామని ఎవరన్నారో తెలియదు. అందరూ అనుకుంటున్నదే ఒకరి నోట వచ్చింది. అవతలివాళ్ళ భాష తెలిసినవాళ్ళు కావాలి కదా అన్నారు. కొందరు దుబాసీ వైపు చూశారు, కొందరు చూపు తిప్పుకున్నారు.

"వస్తాను" అంది.

"నేనూ" అంది మరదలు వెనకనుంచి. చాలా రోజుల తరవాత ఆమె గొంతు దగ్గరగా వినిపించింది.

మర్నాడు పిల్లల్ని భుజాన వేసుకుని బయల్దేరారు. వంతెన మొగలో ఇనుప గేటు, దానికి తుప్పుపట్టిన తాళం. కాపలా అధికారి బుర్రమీసాల మనిషి. జనాన్ని చూసి కంగారుపడి, గేటుకు వేలాడదీసిన ఉత్తర్వు చూపించాడు. "ఇదిగోనండీ, పైనుంచి వచ్చిన ఆర్డరు. మూసెయ్యమన్నారు. ఎందుకో నాకూ తెలీదు."

మరదలు కళ్ళు చిట్లించి చదివింది. "ఏ విధమైన వాహనములనూ అనుమతించరాదు. అంతేగా? మరి కాళ్ళు వాహనాలా బాబూ?"

"అదేంటమ్మా..."

"చదువుకోండి మరి. మనుషుల మాట ఎక్కడైనా ఉందేమో చూపించండి."

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. రెండేళ్ళుగా పొద్దున్నా సాయంత్రం చూస్తున్న కాగితమే, ఎప్పుడూ చదవలేదు. మీసం నిమురుకున్నాడు. "నాకు ఇద్దరు పిల్లలు" అని, పక్క తలుపు గడియ తీశాడు. "పోతే ఉద్యోగమే పోతుంది. వెళ్ళండి."

అవతలి గట్టుమీద వాళ్ళ కాపలావాళ్ళు తుపాకులు సవరించుకున్నారు. దుబాసీ ముందు నడిచి, వాళ్ళ భాషలో తాము ఎవరో, ఎందుకొచ్చారో చెప్పింది. "అడగడానికి వచ్చాం. మీరు లేదంటే తిరిగి వెళ్ళిపోతాం. కానీ మాతోనే లేదనండి, మా పిల్లల ముందు." వాళ్ళు ఫోన్లు చేసుకున్నారు. ఎండలో చాలాసేపు నిలబెట్టారు. కూర్చోమన్నవాడు లేడు. చివరకు ముసలి రాయబారే పాత కారులో వచ్చాడు, డిక్కీలో మంచుపెట్టెతో.

"ప్రభుత్వం ప్రభుత్వానికి ఇవ్వదు. అందులో మార్పులేదు" అన్నాడు వాళ్ళ భాషలోనే, అందరూ వినేట్టు. "మనిషి మనిషికి చేత్తో పట్టుకుపోయేంత ఇస్తాను. అంతకంటే నా చేతుల్లో లేదు."

ఆమె దాన్ని అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. ఇంకా ఎక్కువ ఇవ్వచ్చుగా అని ఒక తండ్రి విసుక్కున్నాడు. అదీ చెప్పింది. మీ వంతెన మీరే మూసుకుని మమ్మల్ని దెప్పుతారేమయ్యా అని కాపలావాడు ఒకడు గద్దించాడు. దాన్నీ చెప్పింది. కాసేపు ఆ గట్టుమీద రెండు భాషల్లోనూ మంచి పోట్లాటే జరిగింది. ఎవరి పళ్ళూ రాలలేదు.

అలా వారం వారం నడిచి వెళ్ళి తెచ్చుకోవడం మొదలైంది. తెచ్చింది సరిపోయేది కాదు. ఊళ్ళో మిగతా ఆసుపత్రుల పిల్లల తల్లులు కూడా వచ్చి చేరారు, గుంపు పెరిగింది, చేతికొచ్చే వాటా చిక్కింది. గేటుకు తాళం అలాగే ఉంది. రేడియోలో మాత్రం మంత్రిగారి చొరవవల్ల మందుల కొరత తీరిందని చెప్పారు. వార్డులో ఆ వార్త విని ఒకామె రేడియో మీద చెప్పు విసిరింది. అది పాత రేడియో, ఆగకుండా పాడుతూనే ఉంది.

దుబాసీకి ఉద్యోగం పోయింది. ప్రమాణం తప్పినందుకు విచారణ మొదలైంది. విచారణాధికారి మంచివాడే. "ఎవరో మీచేత బలవంతంగా చెప్పించారని రాసుకుంటానమ్మా, మీకు మేలు" అన్నాడు. "వద్దండీ. నేనే చెప్పాను, తెలిసే చెప్పాను, అలాగే రాయండి" అంది. ఆయన నిట్టూర్చి రాసుకున్నాడు. జైలా, జరిమానాయా అన్నది ఇంకా తేలలేదు. సూపరింటెండెంటును ఎక్కడికో మార్చారు. మీసాలాయన స్థానంలో కొత్తవాడు వచ్చాడు. అతను ఉత్తర్వును ఒకటికి రెండుసార్లు చదివి, ప్రస్తుతానికి ఏమీ అనడంలేదు.

మిల్లు ఆమె వంతెన దగ్గరకు ఎప్పుడూ రాలేదు. దుబాసీ ప్రతివారం గుంపులో ఆమెకోసం వెతికేది. ఒకసారి వీధిలో ఎదురైంది. ఆమె రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయింది.

తమ్ముడికి కూడా తాకీదు వచ్చింది. ఎడారిలాంటి ఏదో మారుమూల విద్యుత్ కేంద్రానికి బదిలీ. అక్క వల్లే అని అందరికీ తెలుసు, ఎవరూ అనలేదు. అన్నం దగ్గర మాత్రం అతను తలెత్తేవాడు కాదు. మరదలు వార్డు వదిలి వెళ్ళలేనంది. అతనొక్కడే బయల్దేరాడు.

రైలు కదిలే ముందు కిటికీలోంచి పిలిచాడు. "అక్కా, వాళ్ళెంతకాలం ఉంచుతారే నన్నక్కడ? త్వరగానే తిరిగొచ్చేస్తాను కదూ?"

ఆమె నోరు తెరిచింది. మరదలు పక్కనే నిలబడి ఆమె ముఖంలోకి చూస్తోంది.

"తెలీదురా" అంది.

తమ్ముడు ఒక్కక్షణం తెల్లబోయాడు. తరవాత, వారాల తరబడి బిగుసుకున్న ముఖంలో ఎక్కడో చిన్న నవ్వు కదిలింది. "ఊరికే ఓ మాట వరసకైనా అనవేంటే, వస్తావులేరా అని."

"అనగలిగితే అననా?" అంది ఆమె, కిటికీ చువ్వలమీది అతని చెయ్యి పట్టుకుని. రైలు కదిలింది. కొంతదూరం ఆ చెయ్యి వదలకుండా నడిచింది. తరవాత నడవలేక వదిలేసింది.